జపాన్ శిష్యుడి పెళ్లిపిలుపు: ఇద్దరు గురువుల సందేహాలు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేశాను. చాలా ఏళ్ల క్రితం జపాన్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి మా విభాగంలో ఏడాదిపాటు చదువుకున్నాడు. మొదట్లో తరగతిలో అసలు నోరు విప్పేవాడు కాదు. ఆదివారాలు మా ఇంటికి రమ్మన్నాను. మా అత్తగారి పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, వచ్చిన ఇంగ్లీషూ రాని తెలుగూ కలిపి ఆవిడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ తర్వాతే తరగతిలోనూ అతని గొంతు వినిపించింది. చదువు ముగించుకుని వెళ్లిన నాటి నుంచి ఏటా జనవరి ఒకటో తేదీకి కార్డు పంపుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఒసాకాలో తన పెళ్లికి తప్పక రమ్మనీ, విందులో నాలుగు మాటలు మాట్లాడమనీ రాశాడు. ఆహ్వానం నా ఒక్కదాని పేరు మీదే ఉంది. మావారి ప్రస్తావన లేకపోవడం మనసుకు కాస్త కష్టంగా తోచింది. మా అబ్బాయేమో, మర్యాదకు పిలిచి ఉంటాడు, ఏదైనా కానుక పంపి ఊరుకోమంటున్నాడు. వెళ్లడం ఉచితమేనా? వెళ్తే ఏం ఇవ్వాలి, ఏం మాట్లాడాలి? మేము శాకాహారులం.
— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, ఆరోగ్యం సహకరిస్తే తప్పకుండా వెళ్లండి. మర్యాదకు పిలిచి ఉంటాడన్న మీ అబ్బాయి ఊహ మన పెళ్లిళ్లకు సరిపోతుంది గాని జపాన్ పెళ్లికి సరిపోదు. మనం వెయ్యి శుభలేఖలు అచ్చు వేయించి, వచ్చినవారందరికీ విస్తరి వేస్తాం. అక్కడ ప్రతి అతిథికీ పేరు రాసిన కుర్చీ ఒకటి ఉంటుంది. ఎవరిని పిలవాలి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి అని వధూవరులు, రెండు కుటుంబాలవారు వారాల తరబడి ఆలోచించి ఆ పట్టిక తయారు చేస్తారు. అలాంటి పట్టికలో సముద్రం అవతల ఉన్న మీ పేరు చేర్చి, పైగా మాట్లాడమని అడిగాడంటే మిమ్మల్ని ముఖ్య అతిథులలో ఒకరిగా భావించాడని అర్థం. జపాన్‌లో గురువుకు పెళ్లి విందులో స్థానం ఇవ్వడం కొత్త సంగతి కాదు. ఒక తరం క్రితం వరకు, ఇరు కుటుంబాల మధ్య పెద్దమనిషిగా నిలిచే దంపతుల స్థానంలో చాలాసార్లు వరుడి పై అధికారినో, చదువు చెప్పిన ఆచార్యుణ్నో కూర్చోబెట్టేవారు. పెద్దమనిషిని పెట్టుకునే ఆ పద్ధతి నేడు బాగా అరుదైపోయినా, గురువును, పై అధికారిని ముందు వరుసలో కూర్చోబెట్టి మాట్లాడమని కోరే ఆచారం మిగిలింది.

మీవారి పేరు లేకపోవడాన్ని దయచేసి అవమానంగా తీసుకోవద్దు. ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అన్న మాట మన శుభలేఖలో ఉన్నట్టుగా వారి ఆహ్వానంలో ఉండదు. ఎవరి పేరు ఉంటే వారికే ఆహ్వానం. అలాగని మీవారు రాకూడదనీ కాదు. ఆ వయసులో ఒంటరిగా అంత దూరం ప్రయాణించడం కష్టమని, వారు కూడా విందుకు రావచ్చునా లేక ఆ పూట బస చేసిన చోటే ఉండటం మంచిదా అని మీ శిష్యుణ్ని సూటిగా అడగండి. ముందుగా అడిగితే అతనికి ఏ ఇబ్బందీ ఉండదు, పైగా మీవారి చేతి కాఫీ తాగినవాడైతే సంతోషిస్తాడు కూడా. అడగకుండా వెంటబెట్టుకు వెళ్లడం మాత్రం పొరపాటు, ఎందుకంటే లెక్కపెట్టి వేసిన కుర్చీల మధ్య ఇంకొక కుర్చీ వేయడం ఆ సమయానికి ఆతిథ్యం ఇచ్చేవారి చేతిలో ఉండదు. అదే కారణం చేత మీరు వస్తున్నదీ లేనిదీ వారం రోజుల లోపే జవాబు రాయండి. మన వైపు ‘చూద్దాం, వీలైతే వస్తాం’ అనడం మర్యాదగానే చెల్లుతుంది, అక్కడ ఆ మాట అతిథి కోసం ఎదురుచూసేవారిని చిక్కులో పెడుతుంది. ఒప్పుకున్న తర్వాత చివరి వారంలో మానుకోవడం మరీ ఇబ్బందికరం.

పెళ్లిరోజు ఎలా సాగుతుందో తెలిస్తే మీకు బెరుకు తగ్గుతుంది. పెళ్లి క్రతువు ఇరవై, ముప్పై నిమిషాలలో ముగుస్తుంది. అది జపాన్ సంప్రదాయ మతమైన షింటో పద్ధతిలో జరిగితే పూజారి సమక్షంలో వధూవరులు మూడు గిన్నెలలో మూడేసి గుక్కల చొప్పున సాకే అనే బియ్యపు మద్యం సేవిస్తారు. ఆ క్రతువుకు చాలాసార్లు దగ్గరి బంధువులనే పిలుస్తారు. క్రైస్తవులు జనాభాలో నూటికి ఒక్కరు మాత్రమే ఉన్నా, తెల్లగౌనుతో చర్చి తరహాలో చేసుకునే పెళ్లిళ్లే అక్కడ ఎక్కువ, కాబట్టి చర్చిలాంటి మందిరం కనబడితే ఆ అమ్మాయిది ఏ మతమో అని ఆశ్చర్యపోనక్కర్లేదు. చట్టం దృష్టిలో పెళ్లంటే స్థానిక పురపాలక కార్యాలయంలో వివాహ పత్రం దాఖలు చేయడమే. మీ శిష్యుడు ఆ పని వేడుకకు ముందే చేసి ఉండవచ్చు. మనలాగ వారికీ మంచిరోజు పట్టింపు ఉంది. ఆరు రోజులకొకసారి తిరిగి వచ్చే శుభాశుభ దినాల వరుసలో ‘తైఆన్’ అనే రోజుకు గిరాకీ ఎక్కువ. అయితే పెళ్లికి రోజు చూస్తారు గాని మనలాగ ఘడియలు లెక్కగట్టరు.

క్రతువు తర్వాత జరిగే విందు రెండు, రెండున్నర గంటలు ఉంటుంది. అదే హాలులో వెంటనే ఇంకొకరి పెళ్లి విందు ఉండవచ్చు కాబట్టి ప్రతి అంశమూ గడియారం ప్రకారం నడుస్తుంది. కనీసం అరగంట ముందు చేరుకోండి. లోపలికి వెళ్లాక మిమ్మల్ని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది కూర్చునే వరుస అవుతుంది. వధూవరులు కూర్చునే ఎత్తైన బల్లకు అతి దగ్గరగా గురువులకు, పై అధికారులకు చోటు ఉంటుంది. వారి వెనుక స్నేహితులు, ఆ వెనుక బంధువులు. అన్నిటికంటే చివర, తలుపు దగ్గర ఉన్న బల్లల వద్ద వధూవరుల తల్లిదండ్రులు కూర్చుంటారు. ఆతిథ్యం ఇచ్చేవారు అతిథుల కంటే కింది స్థానంలో ఉండాలన్నది వారి మర్యాద. కన్నవారు తలుపు దగ్గర ఉంటే నేను ముందు కూర్చోవడమేమిటని మీరు లేచి వారికి చోటు ఇవ్వబోతే వారు చాలా ఇబ్బంది పడతారు. మీ పేరు ఉన్న చోటే కూర్చోండి. వీలు చూసుకుని వారి బల్ల దగ్గరకు వెళ్లి, నడుము వంచి నమస్కరించి, మీ అబ్బాయి మా ఇంట్లో పెరిగినంతగా తిరిగాడని ఒక మాట చెబితే చాలు. మన ఇళ్లల్లో శిష్యుడు గురువు పాదాలకు నమస్కరించడం, గురువు తలమీద చెయ్యి పెట్టి దీవించడం మామూలే. అక్కడ ఒకరినొకరు తాకడం తక్కువ. అతను తనకుగా వంగితే మనస్ఫూర్తిగా దీవించండి, మీరు దానికోసం ఎదురుచూడవద్దు.

ఇక ప్రసంగం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా ఉద్దేశంలో మీరు ఇవ్వగలిగిన అసలు కానుక అదే. ముఖ్య అతిథుల మాటలు విందు మొదట్లోనే, పానీయాలు ఎత్తి శుభాకాంక్షలు చెప్పడానికి ముందు ఉంటాయి. అంటే ఎవరూ ఒక్క ముద్ద తినకముందు మీరు మాట్లాడతారు. మూడు నిమిషాలకు మించకూడదు. అనువాదకులు ఉంటే మీ వంతు ఒకటిన్నర నిమిషమే అవుతుంది. మీరు నిలబడగానే వధూవరులు, కొన్ని చోట్ల వారి తల్లిదండ్రులు కూడా లేచి నిలబడతారు. అందువల్ల ముందుగా, దయచేసి కూర్చోండి అని వారికి చెప్పాలి. తర్వాత మీరెవరో, ఆ అబ్బాయికి మీరు ఏమవుతారో ఒక్క వాక్యంలో చెప్పి, రెండు కుటుంబాలకూ అభినందనలు తెలిపి, అసలు విషయంలోకి వెళ్లండి.

అసలు విషయం ఏమిటంటే చిక్కుడుకాయలు. మీ ఉత్తరంలో నాలుగు పంక్తులలో రాసిన ఆ సంగతి కంటే మంచి ప్రసంగం ఇంకొకటి ఉండదు. విద్య గొప్పతనం, భారత జపాన్ సంబంధాలు, బుద్ధుని కరుణ, ఇవన్నీ గౌరవనీయమైన విషయాలే గాని, ఆ హాలులో ఉన్న వందమందిలో ఎవరైనా చెప్పగలిగినవి. తన మాట తనకే తప్పుగా వినిపిస్తుందేమోనని తరగతిలో నోరు మెదపని కుర్రవాడు, ఇంగ్లీషు రాని ఒక పెద్దావిడ పక్కన పీట మీద కూర్చుని, ఒక చేత్తో చిక్కుడుకాయ తుంచి ఈనె లాగుతూ మాట్లాడటం నేర్చుకున్నాడన్నది మాత్రం మీకొక్కరికే తెలుసు. ఆ రోజుల్లో అతను ఎలా ఉండేవాడో అతని తల్లిదండ్రులు చూడలేదు. పెళ్లికూతురు చూడలేదు. కొడుకును తెలియని దేశానికి పంపి ఏడాదిపాటు ఎదురుచూసిన ఆ తల్లికి, అక్కడ తన బిడ్డను ఎవరో పీట వేసి కూర్చోబెట్టుకున్నారని వినడం ఎంత ఊరటో మీరే ఊహించండి. మీ అత్తగారు అతన్ని ఏమని పిలిచేవారో, అతను ఏ తెలుగు మాట ముందు నేర్చుకున్నాడో కూడా చెప్పండి. పెళ్లికూతురిని ఒక్క వాక్యంలోనైనా పేరు పెట్టి పలకరించడం మరిచిపోవద్దు. వరుడి గురువులు తరచుగా వరుడినే పొగిడి కూర్చుంటారు, అది ఆ అమ్మాయి పట్ల అన్యాయం.

కొన్ని మాటలు మాత్రం దాటవేయాలి. తెగడం, విడిపోవడం, ముగియడం, తిరిగి వెళ్లడం అనే అర్థం వచ్చేవి, మళ్లీ మళ్లీ అని రెట్టించేవి వారు పెళ్లిలో అశుభంగా భావిస్తారు. పుట్టింటికి తిరిగి రావడం, రెండోసారి పెళ్లి జరగడం అన్న భావం వాటిలో ధ్వనిస్తుందని వారి పట్టింపు. అందుచేత అతను చదువు ముగించి తిరిగి వెళ్లిపోయాడు అనే బదులు, ఒసాకాలో కొత్త జీవితం ప్రారంభించాడు అనండి. మార్కులు, తప్పిన పరీక్షలు, పాత స్నేహాలు ఎత్తవద్దు. వచ్చే ఏడాదికి పండంటి బిడ్డను ఎత్తుకోవాలి అని మనం ప్రేమగా అనే దీవెన కూడా వద్దు. సంతానం దంపతుల సొంత విషయమని ఈ తరంవారు భావిస్తున్నారు, అది గౌరవించదగ్గ భావన. చివర ‘నూరేళ్లు చల్లగా ఉండండి’ అని అచ్చ తెలుగులో దీవించి, దాని అర్థం చెప్పించండి. మీ ప్రసంగ పాఠాన్ని రెండు వారాల ముందే పంపితే అనువదించే స్నేహితుడు సిద్ధపడి ఉంటాడు.

చదివింపుల విషయంలో వారికీ మనకూ ఉన్న పోలిక చూసి మీరు సంతోషిస్తారు. మనం నూట పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు అని లెక్క చూసినట్టే, వారు మొదటి అంకె సగానికి చీలిపోని బేసి అంకెగా ఉండే మొత్తాన్ని ఎంచుకుంటారు. మామూలుగా ఒక్కరు 30,000 యెన్లు ఇస్తారు, అంటే దాదాపు 17,000 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ హాజరైతే 50,000 యెన్లు. చావును, బాధను ధ్వనింపజేసే నాలుగు, తొమ్మిది అంకెలను పూర్తిగా వదిలేస్తారు. నోట్లు మడతపడని కొత్తవై ఉండాలి, ఆ రోజు కోసం ముందునుంచే సిద్ధం చేసుకున్నామని తెలియడానికి. వాటిని పెళ్లికి ప్రత్యేకించిన కవరులో పెట్టాలి. కవరు కొనేటప్పుడు దాని మీద ఉన్న తాడు ముడి చూడండి. లాగితే విడిపోయే పువ్వుముడి పుట్టుకవంటి, మరోసారి వచ్చినా సంతోషమే అనదగిన శుభాలకు, విప్పరాని గట్టిముడి పెళ్లికి. పొరపాటు జరిగేది ఇక్కడే, కాబట్టి దుకాణంలో పెళ్లికని చెప్పి అడగండి. కవరును ఒక గుడ్డలో చుట్టి తీసుకువెళ్లి, హాలు ముందున్న బల్ల దగ్గర రెండు చేతులతో అందించి, పేరు రాయాలి. దూరం నుంచి వచ్చిన ముఖ్య అతిథికి దారి ఖర్చుల కింద వారే ఒక కవరు ఇవ్వడం కూడా ఆచారం. ఇస్తే మొహమాటపడకుండా తీసుకోండి. విమాన టిక్కెట్టు ఎవరు కొంటారన్నది మాత్రం ముందే మాట్లాడుకోవడం ఉభయులకూ మంచిది.

వస్తువు కూడా ఇవ్వాలనిపిస్తే పోచంపల్లి పట్టు కండువాలు రెండు తీసుకువెళ్లండి. నూలును ముందే ముడులు కట్టి రంగు అద్ది, ఆపైన నేసే ఆ పద్ధతి జపాన్‌లోనూ ‘కసురి’ పేరుతో తరతరాలుగా ఉంది. ఆ అంచుల చెదిరిన రంగును చూడగానే ఆ ఇంటి పెద్దవాళ్లు గుర్తుపడతారు. పట్టుచీర మీరు నిక్షేపంగా కట్టుకోవచ్చు, తెలుపు, మీగడ రంగులు మాత్రం పెళ్లికూతురివి కాబట్టి వద్దు. అక్షింతల బియ్యం, తమలపాకులు, మల్లెపూలు, పళ్లు పెట్టెలో పెట్టుకోవద్దు. మొక్కల తనిఖీ ధ్రువపత్రం లేకుండా అవి విమానాశ్రయం దాటవు. అక్షింతలు వేయాలన్న కోరిక ఉంటే పసుపుపొడి పొట్లం తీసుకెళ్లి, అక్కడి బియ్యంలోనే కలుపుకోండి. చర్చి తరహా పెళ్లిలో దంపతుల మీద బియ్యమో పూలరేకులో చల్లడం వారికీ తెలిసిన పద్ధతే, అయినా ఆ హాలువారి అనుమతి శిష్యుడి ద్వారా అడిగించాలి.

భోజనం గురించి జవాబులోనే రాయండి. శాకాహారులం అంటే సరిపోదు. మాంసం, చేపలు, చేపలతో కాచిన రసం, గుడ్లు వీటిలో ఏవి తినరో విడివిడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ కూరగాయల వంటకంలో కూడా ఎండు చేపతో కాచిన రసం పోయడం సర్వసాధారణం. వెళ్లేటప్పుడు మన తాంబూలం సంచిలాగ ఇచ్చే సంచిలో తరచుగా వలయాలు వలయాలుగా ఉండే బామ్‌కూహెన్ కేకు ఉంటుంది, అందులోనూ గుడ్డు ఉంటుంది. వీసాకు శిష్యుడి నుంచి ఆహ్వాన లేఖ, మీరు ఉండే రోజుల కార్యక్రమం, ఖర్చు అతనిదైతే అతని హామీ పత్రం కావాలి. దరఖాస్తు హైదరాబాద్‌లోనే ఇవ్వవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇది. పెళ్లిరోజున అతనితో మీకు మాట్లాడే సమయం దొరకదు. ప్రతి బల్ల దగ్గరకు వచ్చి ఫొటో దిగి వెళ్లే అర నిమిషం, ద్వారం దగ్గర అతిథులను సాగనంపేటప్పుడు ఇంకొక అర నిమిషం, అంతే. ఇన్నేళ్ల తర్వాత చూడబోయే బిడ్డతో అంతే మాట్లాడి విమానం ఎక్కితే మీ మనసు వెలితిగా ఉంటుంది. అందుచేత రెండు మూడు రోజులు ముందుగా చేరుకోండి. ఆ అమ్మాయితో కలిసి ఒక పూట భోజనానికి రమ్మని ఇప్పుడే అడగండి. అతనికి పెళ్లి ముందు తీరిక లేకపోతే పెళ్లి తర్వాతి రోజు అడగండి. మీ అత్తగారి గురించి అతను తప్పక అడుగుతాడు. ఆవిడ ఫొటో ఒకటి వెంట తీసుకువెళ్లండి. ఆవిడ ఇంకా ఉంటే, వీడియోలో ఇద్దరికీ మాటలు కలపండి.

ప్రశ్న: నేను మృదంగం నేర్పుతాను. నా దగ్గర కొంతకాలం ఉండి నేర్చుకున్న జపాన్ శిష్యుడికి వచ్చే నెలలో టోక్యోలో పెళ్లి. మోకాళ్ల నొప్పుల వల్ల ప్రయాణం చేయలేను. రానని ఇప్పటికే రాశాను. శుభాకాంక్షలు ఫోనులో పంపి ఊరుకోవడానికి మనసొప్పడం లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అయ్యా, మీరు టెలిగ్రాం పంపండి. మన దేశంలో తంతి సేవ 2013 జులైలో నిలిచిపోయింది. అంకె రాసి ఇస్తే శుభాకాంక్షల వాక్యం మొత్తం వెళ్లిపోయే ఆ కాలం మీకు గుర్తుండే ఉంటుంది. జపాన్ పెళ్లిళ్లలో మాత్రం రాలేనివారు అభినందన టెలిగ్రాం పంపే ఆచారం నిలిచి ఉంది. పూలు అచ్చువేసిన అట్టలోనో, పట్టు గుడ్డ కవరులోనో అది పెళ్లి హాలుకు చేరుతుంది. విందు మధ్యలో వ్యాఖ్యాత కొన్నింటిని పూర్తిగా చదివి, మిగిలిన వాటికి పంపినవారి పేర్లు చెబుతారు. గురువు నుంచి వచ్చినదాన్ని పూర్తిగా చదివే అవకాశమే ఎక్కువ. మీ శిష్యుడి స్నేహితుణ్ని ఎవరినైనా పట్టుకుని అతని ద్వారా పంపించడం సులువు. రెండు మూడు వాక్యాలు చాలు, కాని వాటిలో ఒకటి మీ ఇద్దరికే తెలిసినది కావాలి. ‘తదిగిణతోం’ సరిగా పలకడానికి అతను ఎంత కాలం తీసుకున్నాడో, వేళ్లు వాచినా ఎలా కూర్చున్నాడో రాయండి.

దానితోపాటు ఒక నిమిషం నిడివి గల వీడియోలో మీరు మృదంగం మీద ఒక చిన్న ముక్తాయింపు వాయించి, దంపతులను దీవించి పంపండి. అలాంటి వీడియోలు విందులో తెర మీద చూపించడం అక్కడ మామూలే. అయితే కార్యక్రమం ముందే నిర్ణయించుకుంటారు కాబట్టి రెండు వారాల ముందు చేరేలా చూడండి. డబ్బును ఇక్కడి నుంచి పోస్టు కవరులో పెట్టి పంపవద్దు. ఇవ్వాలనుకున్నది వస్తువు రూపంలో, పెళ్లిరోజున హాలుకు కాకుండా, ముందుగానే అతని ఇంటి చిరునామాకు పంపండి. టెలిగ్రాం మాత్రం హాలు చిరునామాకు, వరుడి పేరు మీద, పెళ్లికి ముందురోజు చేరాలి.